మార్పేమీ లేదన్న వాక్యం

తలుపు పడిన చప్పుడుతో పాటే ఆ వాక్యం గుర్తొచ్చింది. పది నిమిషాల ముందు గుర్తొస్తే ఏం పోయేది, రిజిస్ట్రార్ గారు కాగితాల కట్ట చంకలో పెట్టుకుని ఇదే బెంచీ ముందు నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నప్పుడు గుర్తొస్తే, అయ్యా ఒక్క నిమిషం, ఆ మూడో కాగితం ఇలా ఇవ్వండి అని తీసుకుని పెన్నుతో ఒక్క గీత కొట్టి ఇచ్చేది కదా, అప్పుడు రాలేదు, నిన్న సాయంత్రం రాలేదు, రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది, పొద్దున బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని మురిసిపోయింది కూడా. ఇప్పుడు, తలుపు మూసి లోపల గడియ వేసి, బయట ముసలి అటెండరు తన స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాక, తీరిగ్గా వచ్చింది. చేతిపని డిప్లొమాలో స్త్రీల స్తంభం ఉందా లేదా అన్నంత చిన్నది, గత పదకొండేళ్లుగా ఇందులో మార్పేమీ లేదు. పోయినేడాది వాక్యం అది, పోయినేడాదికి నిజం. దాన్ని తీసేసిందా? మనసులో ఎంత తడిమి చూసినా తీసేసిన జ్ఞాపకం చేతికి తగల్లేదు. నాలుగు చెరిపి పంతొమ్మిది కొట్టిన జ్ఞాపకం ఉంది, కొట్టాక ఒక్క క్షణం ఆగి ఆ అంకెను చూసి నవ్వుకున్న జ్ఞాపకం కూడా ఉంది, ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. అటెండరు ఆవలించి, ఎండ ఎక్కువగా ఉందమ్మా ఇవాళ అన్నాడు, ఆమె అవునంది.

ఆఫీసులో ఆమెను చార్టులమ్మ అంటారు, ఎదురుగానే అంటారు, ఆమెకు కోపం రాదు. చార్టులు గీసేది ఆమె కాదు, కంప్యూటరు. ఆమె పని వాటిని మాటల్లో పెట్టడం. ఈ కాలేజీ పాలకమండలి అధ్యక్షురాలికి నాలుగేళ్ల కింద చూపు పోయింది. పోయాక జరిగిన మొదటి సమావేశంలో రిజిస్ట్రార్ గారు గోడ మీద బొమ్మ వేసి, ఇదిగో మేడమ్, ఇవి ఇలా పైకి పోతున్నాయి, అవి అలా కిందికి వస్తున్నాయి అని చేతులు ఊపారట, ఏవి, ఎక్కడి నుంచి, ఎంత అని ఆవిడ అడిగితే నీళ్లు నమిలారట. మర్నాడు ఆవిడ లెక్కల విభాగంలో మూల బల్ల దగ్గరున్న ఈమెను పిలిపించి, బొమ్మను చెవికి చూపించాలి, చేతనవుతుందా అని అడిగింది. చేతనవుతుందో లేదో తెలియకుండానే అవుతుందనేసింది, ఉద్యోగాల్లో అందరూ అనేదే. ఆ తర్వాత ఆవిడే నేర్పింది. ముందు బొమ్మ దేని గురించో చెప్పాలి, తర్వాత మొత్తం ఎంతమందో, ఆ పైన ఎడమ నుంచి కుడికి రావాలి, మధ్యలో గెంతకూడదు. మీరు చూస్తున్నట్టుగా అనకూడదు, ఎందుకంటే ఆవిడ చూడటం లేదు. పాపం, అబ్బో, ఇంతేనా లాంటివి ఎక్కడా దూరకూడదు, అంకె చెప్తే చాలు, పాపమో అబ్బోనో ఆవిడ అనుకుంటుంది. అన్నీ అయ్యాక ఒక్క వాక్యం, పోయినేడాదికీ ఈ ఏడాదికీ ఏం తేడా అన్నది. నిజానికి మండలిలో మిగతా ఆరుగురూ టీ కప్పులు పక్కన పెట్టి వినేది ఆ ఒక్క వాక్యమే. ఆ వాక్యమే ఇప్పుడు రిజిస్ట్రార్ గారి చేతిలో కాగితం మీద పోయినేడాది మొహంతో కూర్చుని ఉంది.

ఉందో లేదో, ఏమో, తీసేసిందేమో, చేతులు వాటంతటవే తీసేసి ఉంటాయేమో, గ్యాస్ కట్టేసి వచ్చామా లేదా అని సగం దారిలో అనుమానం వచ్చి వెనక్కి పరిగెత్తితే కట్టేసే ఉంటుంది కదా. కానీ గ్యాస్ వేరు, ఇది వేరు. ఈ రాతపని చేసేవాళ్లకు ఒక పాడు అలవాటు, కొత్త కాగితం మీద మొదలుపెట్టరు, పోయినేడాది ఫైలు తెరిచి అంకెలు మారుస్తారు. కొత్తగా రాస్తే ఏదో ఒకటి మర్చిపోతామని భయం, పాతదాని మీద రాస్తే పాతది ఉండిపోతుందని మాత్రం భయం లేదు. నిన్న నాలుగుముప్పావుకు ఆమె అన్ని అంకెలూ మార్చి, ఆఖరి వాక్యం మొదటి మాట ముందు కర్సరు పెట్టి, దీన్నెలా చెప్పాలా, అబ్బో అనకుండా అబ్బో అనిపించేలా ఎలా చెప్పాలా అని తలగోక్కుంటుంటే ఫోను మోగింది. అత్తగారు. ఆవిడ పలకరింపులు పెట్టుకోదు, తిన్నగా విషయంలోకి దిగుతుంది.

"అమ్మాయ్, ట్యాన్ అంటే ఏంటి?"

త్రికోణమితిలో ట్యాన్ అంటే ఏంటో యాభైఎనిమిదేళ్ల మనిషికి ఫోనులో చెప్పడం ఆ నిమిషంలో ఎంత బాగుందో. ఇనప కడ్డీని ఒక చివర లావుగా, రెండో చివర సన్నగా వచ్చేలా లేత్ మెషిన్ మీద చెక్కాలట, కత్తిని ఎంత వాలుగా పెట్టాలో ట్యాన్‌తో తెలుస్తుందని పుస్తకంలో ఉందట, పుస్తకం రాసినవాడు మాత్రం వివరం చెప్పకుండా పారిపోయాడట. గోడకు నిచ్చెన వేశారనుకోండి అత్తయ్యా, అని మొదలుపెడితే, ఎక్కేది నువ్వా నేనా అని అడిగింది. ఎవరూ ఎక్కరు, వేసి ఉంచుతాం అంతే. ఊరికే వేసి ఉంచడం ఎందుకు, అడ్డం. ఇరవై నిమిషాలు పట్టింది, ఆఖర్న ఆవిడ ఆహా అంది, ఆ ఆహా విన్నాక ఫోను పెట్టేస్తే, రిజిస్ట్రార్ గారి గది నుంచి రెండోసారి కబురు, కాగితాలెక్కడ అని, ప్రింటు నొక్కేసింది. కర్సరు అక్కడే, ఆ వాక్యం ముందే, మినుకుమినుకుమంటూ ఉండిపోయింది. ఇదిగో, ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. తీసేయలేదు.

లోపల కుర్చీలు జరిగిన చప్పుడు. మొదటి అంశం ఏదో నడుస్తోంది, మంచినీళ్ల పైపుల గురించి. తలుపు పైనున్న గాలిరెక్క సగం తెరిచి ఉంటుంది ఎప్పుడూ, మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. చార్టులు రాసినామె సమావేశం అయ్యేదాకా బెంచీ మీద ఉండాలి, పిలిస్తే వెళ్లాలి, పిలవకుండా వెళ్లకూడదు, నాలుగేళ్లలో రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ అక్షరం పెద్దగా వేయమని చెప్పడానికి. మూడో అంశం, మహిళల పూట బ్యాచ్ రద్దు. తలుపు కొట్టనా, కొడితే అటెండరు పట్టుకుంటాడు, చీటీ పంపనా, చీటీ ముందు రిజిస్ట్రార్ గారి చేతికే వెళ్తుంది. ఆయన దుర్మార్గుడేం కాదు. పీజీ పరీక్షలు పెట్టడానికి గది చాలడం లేదు, వర్క్‌షాపు షెడ్డు విశాలంగా ఉంది, పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా పాతికమంది ఆడవాళ్లు అక్కడ ఇనుము చెక్కుతుంటారు, వాళ్లను కదిలిస్తే గది వస్తుంది, అంతే ఆయన లెక్క. ఈ పనికి ఆడవాళ్లు రారు, పదకొండేళ్ల లెక్కలే సాక్ష్యం అని మొన్న వరండాలో ఎవరితోనో అంటుంటే విని, ఈ ఏడు లెక్క వచ్చాక మీరే చూస్తారులే అని లోలోపల నవ్వుకుంటూ పోయింది. ఎంత నవ్వుకుంది. ఇప్పుడు ఆయన సాక్ష్యాన్ని తన చేత్తో టైపు చేసి, ప్రింటు తీసి, మూలన క్లిప్పు కూడా పెట్టి ఇచ్చింది.

వరండా కిటికీ లోంచి షెడ్డు కనిపిస్తుంది, రేకుల కప్పు, పక్కన చేతులు కడుక్కునే కుళాయిలు. లేత్ మెషిన్ల రొద సన్నగా వస్తోంది. అందులో ఒకటి అత్తగారిది. ఏదో తెలియదు, అన్నీ ఒకే రొద, అయినా చెవి వెతుకుతోంది. పెళ్లయిన మొదటి నాలుగేళ్లు ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా మాటలు తక్కువ, గిన్నెల చప్పుడు ఎక్కువ. రెండు పీజీలు చేసిన మనిషికి కుళాయి వాషర్ మార్చడం రాదమ్మా అని అత్తగారు పక్కింటావిడతో చెప్పేది, గోడ అవతల వినబడేలాగే చెప్పేది. ఈమెకు ఒళ్లు మండేది, మండి, గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. వాషర్ మార్చడం నిజంగానే రాదు, అదీ బాధ. తర్వాత ఒక ఆదివారం హాల్లో ఫ్యాను ఆగిపోయింది. రిపేరు మనిషి వచ్చి చూసి కొత్తది కొనుక్కోండి అనేసి పోయాడు. మధ్యాహ్నం ఈమె నిద్రలేచి వచ్చేసరికి అత్తగారు నేల మీద వార్తాపత్రిక పరిచి, ఫ్యాను మొత్తం విప్పి, ఏ ముక్క ఏ ముక్క తర్వాత వచ్చిందో ఆ వరసలోనే పేర్చి పెట్టి, మధ్యలో కూర్చుని ఉంది. ఎడమ నుంచి కుడికి. గెంతకుండా. ఇదిగో ఈ బేరింగ్ అరిగింది, మిగతాదంతా బంగారం అంది, ఎవరితోనో కాదు, తనలో తను. గుమ్మంలో నిలబడి చూస్తుంటే, ఈ మనిషి ఇన్నాళ్లూ ఏ చదువు మెట్టు మీదా ఎందుకు లేదు, ఏ లెక్కలోనూ ఎందుకు పడలేదు అనిపించింది. కొత్త బేరింగ్ వేశాక ఆ ఫ్యాను ఇంతవరకు ఆగలేదు.

దరఖాస్తు తెచ్చింది ఈమే. ఇంతకు ముందు చదువు అన్నచోట అత్తగారు, అక్కడేం రాయకు, ఖాళీ వదిలెయ్ అంది. ఖాళీ వదిలితే తీసుకోరు అత్తయ్యా. అయితే నువ్వే ఏదో ఒకటి రాయి, మొహం అటు తిప్పుకుంటాను. తొమ్మిదో తరగతి అని రాసింది. సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఆవిడ మొహం ఇటు తిప్పింది, నిదానంగా, గీతకు పైన, తన పేరు పూర్తిగా పెట్టింది. కొడుకు, అంటే ఈమె మొగుడు, అన్నం తింటూ నవ్వి, ఈ వయసులో ఇనుముతో ఏంటమ్మా అంటే, ఇనుముకు నా వయసు తెలియదులేరా అంది. ఒకటిన్నర సంవత్సరం అయింది. ఇంకా నాలుగు నెలలు. ఆపేస్తే వచ్చే నెల ఒకటి నుంచే ఆపేస్తారు, మధ్యలో ఉన్నవాళ్లు కావాలంటే మగపిల్లల షెడ్డులో వాళ్లతో కలిసి ఎనిమిది నుంచి అయిదు దాకా రావచ్చట. పూట బ్యాచ్ తప్ప కుదరనివాళ్లే వాళ్లంతా, రోజంతా కుదిరేదయితే ఈ పాటికి ఎప్పుడో కుదిరేది. ఈ సంగతి తెలిసి వారమయింది, ఇంట్లో నోరు విప్పలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని చేతి వేళ్ల సందుల్లో నల్లటి నూనె గీతలు సబ్బుతో తోముకుంటుంటే ఎలా చెప్తుంది. వారంలో తేలిపోతుంది, తేలాక చెప్దాం అనుకుంది. తేలబోతోంది. ఎవరు ఆపారమ్మాయ్ అని ఆవిడ అడిగితే, ఏం చెప్పాలి.

గాలిరెక్క లోంచి రిజిస్ట్రార్ గారి గొంతు పెద్దదయింది, కాగితం చదివేటప్పుడు ఆయన గొంతు సవరించుకుని ఒక మెట్టు పైకి వెళ్తారు. ఈ చిత్రం ఈ ఏడాది మన కాలేజీలో పట్టాలు పుచ్చుకున్నవారిని స్త్రీ పురుషుల వారీగా, అయిదు స్థాయుల్లో చూపుతుంది. చూపుతుంది కాదు, చెబుతుంది అని రాయాల్సింది. మొత్తం ఎనిమిదివందల నలభై. డిప్లొమాల దగ్గరికి ముందే వచ్చేస్తాడు, ఎడమ చివర అదే కదా. చేతిపని డిప్లొమాలో నూటికి ఎనభైఒక్కమంది పురుషులు, పంతొమ్మిదిమంది స్త్రీలు. ఆగాడా? ఆగలేదు. పంతొమ్మిదిని మింగేసి మరో అంకె మీదికి వెళ్లిపోయాడు. డిగ్రీలో నలభైఅయిదు, యాభైఅయిదు. ఎవరో దగ్గారు. పీజీ డిప్లొమాలో డెబ్భై, ముప్పై. డిగ్రీలో ముందున్న అమ్మాయిలు ఆ పక్క మెట్టు మీదికి వచ్చేసరికి ఏమైపోతారో, ఏటా రాస్తుంది, ఏటా అక్కడ చెయ్యి ఒకసారి ఆగుతుంది, ఎందుకని రాయడం ఆమె పని కాదు. పీజీలో అరవై, నలభై. ఆ నలభైలలో ఒకప్పుడు రెండు వేర్వేరు ఏళ్లలో తనూ ఉంది, ఎవరో ఇలాగే గబగబా చదివేసి ఉంటారు. పీహెచ్‌డీ. అయిపోయింది, ఇంకేం లేదు, ఆపెయ్ నాయనా, కాగితం మడిచెయ్. బెంచీ అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఆయన ఆ వాక్యాన్ని నిదానంగా చదివారు, ప్రతి మాటా విడమరిచి. పదకొండేళ్లుగా అన్నచోట కాస్త ఒత్తారు కూడా. తర్వాత ఎవరో సరే అయితే అన్నారు, ఇంకెవరో కప్పు సాసరు మీద పెట్టారు. చార్టులమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో, వేరే ఎవరి మీదా కాదు. అప్పుడు అధ్యక్షురాలి గొంతు వచ్చింది. గట్టిగా మాట్లాడదు ఆవిడ, అందుకని అందరూ ఊపిరి బిగబట్టి వింటారు.

"ఆగండి. ఈ వాక్యం నేను పోయినేడు విన్నాను. ఇవే మాటలు, ఇదే వరస. ఇందాక పంతొమ్మిది అన్నారు, ఇప్పుడు మార్పు లేదంటున్నారు. రాసినావిడ బయటుందా?"

గడియ తీసిన చప్పుడు, అటెండరు లేచి నిలబడటం, ఈమె లేవడం, అన్నీ ఒక్కసారే అయ్యాయి. లోపల ఏసీ చల్లగా ఉంది. గోడ మీద బొమ్మ, ఎడమ చివర స్త్రీల నారింజ రంగు స్తంభం, మొదటిసారి ఒక స్తంభంలా నిలబడి ఉంది. పాత వాక్యం మేడమ్, చెరపడం మర్చిపోయాను, తప్పు నాది, అని ఒక్క గుక్కలో చెప్పేసింది. చెప్పేశాక ఒంట్లోంచి సగం బరువు దిగింది. అయితే ఆ పంతొమ్మిదే తప్పేమో, వాక్యమే సరైందేమో, అన్నారు రిజిస్ట్రార్ గారు, మర్యాదగానే. దానికి ఆమె దగ్గర జవాబుంది. పోయినేడు యాభైమందిలో ఇద్దరు, ఈ ఏడు అరవైముగ్గురిలో పన్నెండుమంది, పూట బ్యాచ్ మొదటి పన్నెండుమంది, వాళ్లలో ప్రతి ఒక్కరి పేరూ చెప్పగలను అంది. చార్టుల్లో పేర్లుండవు కదా, నీకెలా తెలుసు అని అధ్యక్షురాలు అడిగింది. ఇక్కడ అబద్ధం ఆడవచ్చు, రిజిస్టరు చూశానంటే సరిపోతుంది, నోటి దాకా వచ్చింది కూడా.

"మా అత్తగారు వాళ్ల తర్వాతి బ్యాచ్‌లో ఉన్నారు మేడమ్. ఆవిడ రోజూ చెప్తారు."

రిజిస్ట్రార్ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు, ఇక నేను చెప్పేదేముంది అన్నట్టు. అయిపోయింది, నా నోటితోనే ముంచేశాను అనుకుంది ఆమె. అధ్యక్షురాలు మొహం ఆమె గొంతు వచ్చినవైపు తిప్పి, ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది అంది, అని, మరి మీ అత్తగారి మీద అభిమానం ఈ రాతలో ఎక్కడైనా దూరిందా అని అడిగింది.

"లేదండి. దూరి ఉంటే ఆ వాక్యం అక్కడ ఉండేది కాదు."

ముందు నవ్వింది అధ్యక్షురాలే. తర్వాత బల్ల చుట్టూ నవ్వారు, రిజిస్ట్రార్ గారు కూడా కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంటూ తల ఊపారు, ఆయన దుర్మార్గుడు కాదని ముందే అనుకున్నాం కదా. సరే, ఆ ఆఖరి వాక్యం ఇప్పుడు చెప్పు అంది ఆవిడ. నిన్న సాయంత్రం ఎంత గోక్కున్నా దొరకని వాక్యం ఇప్పుడు ఏ వెతుకులాటా లేకుండా వచ్చింది: చేతిపని డిప్లొమాలో స్త్రీలు పోయినేడు నూటికి నలుగురు, ఈ ఏడు పంతొమ్మిదిమంది, మిగతా స్థాయుల్లో ఒకటి రెండుకు మించి తేడా లేదు. అంతే. అబ్బో ఎక్కడా లేదు. బ్యాచ్ కొనసాగాలనేవారు చేతులెత్తండి అంది అధ్యక్షురాలు, ఎత్తాక, ఎన్ని అని ఈమెనే అడిగింది. ఆరుగురిలో అయిదు మేడమ్. ఎత్తనిదెవరో అడగనులే, పరీక్షలకు గది మనం వేరే చూద్దాం అంది. రాసుకోండి, మూడో అంశం తీసేశాం.

వరండాలోకి వచ్చి రెండడుగులు వేశాక నవ్వొచ్చింది, ఆపుకోలేక గోడకు ఆనుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఏమయిందమ్మా అని అటెండరు లేచాడు. ఏం లేదు, ఎండ ఎక్కువగా ఉంది అంది. మెట్లు దిగి, ఎండలోంచి, షెడ్డులోకి. రొద మీదపడింది, నూనె, వేడెక్కిన ఇనుము వాసన. మూడో మెషిన్ దగ్గర అత్తగారు, ఏప్రాన్, కళ్లకు పెద్ద అద్దాలు, తల ఎత్తలేదు. చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చింది, వారం నుంచి దాచిన సంగతి మొదలు చేతులు లెక్కపెట్టడం దాకా, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి రెండుసార్లు ఆగి. అత్తగారు అంతా విని మెషిన్ ఆపేసింది. అద్దాలు నుదుటి మీదికి తోసుకుంది.

"నాకు తెలుసు. నోటీసు బోర్డు నీకొక్కదానికే పెట్టారా?"

తెలిసి చెప్పలేదేం అత్తయ్యా. చెప్తే నువ్వు తిండి మానేస్తావ్, రెండు పీజీలు చేశావు కానీ గుండె గట్టిది కాదు నీది. అంటూ పక్కనున్న స్టూలు మీద కూర్చుంది, కూర్చోవడం కాస్త బరువుగానే కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఈమె ఆ చేతులు పట్టుకుంది, నూనె అంటుకుంది. మెషిన్ మీద ఇంకా బిగించి ఉన్న ముక్కను చూపించి, ఇదేంటి, ఆఖరి నెలలో చేయాల్సింది కదా అని ఈమె అడిగింది. మరేం చేయమంటావ్, ఒకటో తారీకున తలుపులు మూసేలోపు చేసెయ్యాలనుకున్నాను, కాగితం ఇవ్వకపోయినా ముక్కయినా నాదని ఇంటికి పట్టుకుపోదామని. వారం నుంచి గంట ముందొస్తున్నాను. ట్యాన్ కోసం నిన్ను నిన్న అందుకే చంపుకుతిన్నాను.

ఆవిడ లేచి ఆ ముక్కను విప్పింది. వెర్నియర్‌తో లావు చివర కొలిచింది, సన్న చివర కొలిచింది, వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసింది. ఒక చోట చిన్న పల్లం ఉంది, ఈమె కంటికి ఎంత వెతికినా కనిపించనంతది. బాగానే ఉంది కదా అత్తయ్యా అంది. ఎక్కడ బాగుంది, తొందరలో చేసింది, ఇప్పుడు తొందరేముంది నాకు, అని దాన్ని తుక్కు డబ్బాలో పడేసి, అత్తగారు కొత్త కడ్డీ తీసి బిగించింది.